చెయ్యి వదిలే చదువు

"తెర చూడకుండ చెప్పాలె," అన్నాడు రాజవీరు మనవరాలితో.

తపస్య కళ్లు మూసుకునే ఉంది. రెండు చేతులూ మోకాళ్ల మీద వెల్లకిలా పెట్టుకుని, ఎవరో చెవిలో గుసగుసలాడుతుంటే వింటున్నట్టు తల కొంచెం పక్కకు వంచింది. ఒంటి మీద బూడిదరంగు చొక్కా. దాని చేతులు మణికట్టు దగ్గర ఆగకుండా వేలికొసల దాకా చర్మాన్ని అంటిపెట్టుకుని ఉన్నాయి.

"నలభై తొమ్మిది పాయింట్ తొమ్మిది నాలుగు," అంది. అని పెదవి చివర నవ్వింది. "లేస్తుంది తాతా. యాడనో పెద్ద మోటరు బంద్ చేసిన్రు."

శ్రీనిధి తెర వైపు తిరిగింది. అక్కడ ఇంకా పాత అంకే ఉంది. కూతురు పొరబడిందేమోనన్న అనుమానం పుట్టేలోపే అంకె కదిలింది, పెరిగింది.

గుండెలో ఎగిరినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆమె లేచి కిటికీ తెరిచింది, మళ్లీ మూసింది, ఎందుకు మూసిందో తెలియక మళ్లీ తెరిచింది. సహోద్యోగి జావేద్ అది చూసి నవ్వాడు. గోదావరి గాలి ఇసుకను మోసుకొచ్చే ఆ గుండ్లవాగు శిక్షణ కేంద్రంలో వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి ఈ ఒక్క అంకె కోసమే కూర్చున్నారు. ఒక మనిషి చర్మం తెర కంటే ముందు చెప్పింది.

దేశమంతటా తిరిగే కరెంటుకు ఒక నాడి ఉంటుంది. సెకనుకు యాభై సార్లు కొట్టుకుంటుంది, ఆ లెక్కనే ఫ్రీక్వెన్సీ అంటారు. వాడకం పెరిగితే మందగిస్తుంది, తగ్గితే పరుగెత్తుతుంది. ఆ నాడి పట్టుకుని కూర్చోవడమే శ్రీనిధి ఇంట్లో మూడు తరాల ఉద్యోగం. పట్టుకునే పద్ధతే ప్రతి తరానికీ మారింది.

ఆమె తండ్రి రాజవీరు జలవిద్యుత్ కేంద్రంలో ఆపరేటరు. చేరిన కొత్తలో అతన్ని దేన్నీ ముట్టనివ్వలేదు. వానాకాలమంతా ప్యానెళ్లు తుడుస్తూ, మీటర్ల ముళ్లు ఎక్కడున్నాయో గొంతెత్తి చదవడమే అతని శిక్షణ. ఆ తరవాతే నీళ్లను పెంచి తగ్గించే హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యనిచ్చారు. ఇన్నేళ్లయినా నీళ్ల వేగం గురించి మాట్లాడేటప్పుడు అతని కుడి మణికట్టు గాలిలో దేన్నో తిప్పుతూ ఉంటుంది.

శ్రీనిధి చదువంతా తెరల ముందు సాగింది. ఆమె ఉద్యోగంలో చేరేనాటికి గ్రిడ్, ఆ కరెంటు తీగల వల, తనను తాను నడుపుకోవడం నేర్చుకుంది. ఆమెకు నేర్పిందల్లా అడ్డు రాకుండా ఉండడం. యంత్రం పచ్చదీపం వెలిగించగానే చెయ్యి తీసెయ్యాలి. ఆమె ఎన్నో పరీక్షల్లో మొదటి స్థానంలో నిలిచింది కానీ, కరెంటు బరువు ఎంతుంటుందో ఒక్కసారీ ఎరగదు. ఈత గురించి సమస్తం చదివి గట్టు మీద నిలబడిపోయిన మనిషి అనుకునేది తనను.

ఈ చొక్కా ఆలోచన పుట్టింది చీకటి నుంచి. ఇప్పుడు కరెంటు ఇంటి కప్పుల మీది సౌరపలకల నుంచీ, వీధి చివరి బ్యాటరీల నుంచీ, లక్ష చోట్ల నుంచి వస్తుంది. అవన్నీ వెనక నడవడం మాత్రమే నేర్చినవి. నాడి ఉంటే అందుకుంటాయి. అంతా ఒక్కసారి ఆరిపోతే, ఒకటి అడుగు వేస్తే వేద్దామని రెండోది, రెండోది వేస్తే వేద్దామని మొదటిది ఎదురుచూస్తూ ఉండిపోతాయి. ముందు నడవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికి లక్ష అంకెలు చూపిస్తే కళ్లు చాలవు. అందుకే శ్రీనిధి వాటిని చర్మానికి అప్పగించింది. మణికట్టు దగ్గర నాడి, భుజాల మీద ఊళ్ల బరువు, ఒక్కో వేలికి ఒక్కో ఉత్పత్తి కేంద్రం. వేలు వంచితే అది వేగం పెంచుతుంది, చాపితే తగ్గిస్తుంది.

మెదడు దీన్ని సైకిలు తొక్కడంలా నేర్చుకుంటుంది. కాని మెదడుకు ఆశ ఎక్కువ. చొక్కాను ఎక్కువసేపు ఉంచితే ఆ వేళ్లు ఇక గ్రిడ్‌వే అనుకుని తిరిగి ఇవ్వదు. ఉన్నట్టుండి తెగిపోతే మరీ ప్రమాదం. మొదటి ప్రయోగాల్లో చొక్కా తొడుక్కున్నది జావేదే. ఒకరోజు మధ్యలో కేబుల్ ఊడింది. అతని కుడి అరచెయ్యి ఆనాటి నుంచి వేడినీ, చలువనూ, గరుకునూ ఎరగదు. బిర్యానీ చెంచాతో తింటాడు, టీ గ్లాసును మోచేత్తో తాకి చూసుకుంటాడు. ఎవరైనా జాలిపడితే, తన చెయ్యి డిప్యుటేషన్ మీద పోయిందనీ, అక్కడివాళ్లు రిలీవ్ చెయ్యడం లేదనీ చెబుతాడు.

అది చూశాక కూడా తపస్య తనే ముందుకు వచ్చింది. చిన్న వయసు నరాలు తొందరగా నేర్చుకుంటాయని తల్లి వ్యాసాల్లోంచే చదివి వినిపించింది. శ్రీనిధి కాదనలేకపోయింది. భయం వల్ల ఆగాల్సిన చోట ఆమెను ముందుకు తోసినది ఉత్సాహమొక్కటే కాదని ఆమెకు తెలుసు. కూతురు కళ్లు మూసుకుని నవ్విన ప్రతిసారీ ఆ సంతోషం అడుగున ఇంకొకటి కదిలేది. దాని పేరు కూడా ఆమెకు తెలుసు, కానీ పైకి పిలవలేదు. తను గట్టున నిలబడి చేసిన పడవలో కూతురు ఎక్కి వెళ్లిపోతోంది.

*

చొక్కా వేసుకోవడం నేర్పింది శ్రీనిధి అయితే, ఊళ్ల బరువు మోయడం నేర్పింది రాజవీరు. ముల్లును చూస్తూ చేత్తో నడిపినవాళ్లలో ఇంకా మాట్లాడగలిగినవాడు చుట్టుపక్కల అతనొక్కడే. పదవీ విరమణ చేసిన మనిషిని బతిమాలి తీసుకొచ్చారు. అతను చొక్కాను దాని అసలు పేరుతో ఎప్పుడూ పిలవలేదు. "మీ కరెంటు బనీను" అనేవాడు.

అతను మొట్టమొదట నేర్పింది డ్యూటీ అప్పగించడం. వాళ్ల రోజుల్లో దిగిపోయే ఆపరేటరు హ్యాండిల్ మీంచి చెయ్యి తియ్యడు. వచ్చినవాడు తన చెయ్యి పక్కన వేసి, ఫ్రీక్వెన్సీ ఎంతుందో పైకి చదివి, "తీసుకున్న" అనాలి. అంకె తప్పు చెబితే మొదటివాడు కదలడు. ఇంట్లో పెళ్లి ఉన్నా, బస్సు వెళ్లిపోతున్నా కదలడు.

"మా రాఘవులు సారు గుండెనొప్పి వచ్చినా నేను అంకె చెప్పేదాక హ్యాండిల్ ఇడువలే," అన్నాడు ఒకసారి. "చెప్పినంక కింద కూసున్నడు."

తపస్యకు ఆ మాట ఎంత నచ్చిందంటే ఇంటికి కూడా తెచ్చింది. ఆ ఇంట్లో తాళంచెవులు చేతులు మారినా, తలదువ్వెన మారినా "తీసుకున్న" అనాల్సిందే. అనకపోతే వదిలేది కాదు. సముద్రంలోని గాలిమరల దగ్గర పనిచేసి నెలకోసారి వచ్చే తపస్య తండ్రి, ఇంట్లో అడుగుపెట్టిన గంటలోపే ఈ చట్టం నేర్చుకున్నాడు.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర తపస్య చారుగిన్నె అందించింది. శ్రీనిధి ఏదో లెక్కలో పడి, మాట అనకుండానే గిన్నె పట్టుకుని లాగింది. తపస్య వదల్లేదు. తల్లి ఇటు, కూతురు అటు. గిన్నె ఊగి, సగం చారు బల్ల మీద, మిగతా సగం రాజవీరు పంచె మీద పడింది.

"తీసుకున్న అనలే గద నువ్వు," అంది తపస్య, తప్పేమీ లేనట్టు.

"కాలింది నాకు," అన్నాడు రాజవీరు. "అయినా పిల్లదే కరెక్టు."

అందరూ నవ్వారు. శ్రీనిధి కూడా నవ్వింది. ఆ నవ్వులో ఆమె ఒక విషయం గమనించకుండా వదిలేసింది. తపస్య కావాలని ఆటకు పట్టుకోలేదు. వదలడం ఆమె వేళ్లకు తోచలేదు.

రోజూ ప్రయోగం అయ్యాక తల్లికీ కూతురికీ మధ్య ఇంకో చిన్న తంతు ఉండేది. పసిపిల్లప్పుడు తపస్య తల్లి చెవితమ్మె నలుపుతూ నిద్రపోయేది. ఇప్పుడు చొక్కా విప్పగానే అదే చెవితమ్మెను రెండు వేళ్లతో పట్టుకుని "చల్లగున్నది" అనేది. శ్రీనిధి ఆ రోజుకు అప్పుడు ఊపిరి వదిలేది.

*

పెద్ద పరీక్ష రోజు కేంద్రంలో ఎవరికీ ఉప్మా సహించలేదు. మూడు మండలాలకు ముందే చాటింపు వేయించారు. ఆసుపత్రులకూ నీళ్ల పంపులకూ, కేంద్రంలోని తెరలకూ వేరే ఏర్పాట్లు చేశారు. పొద్దెక్కాక ఆ మూడు మండలాలనూ పూర్తిగా ఆర్పి, ఏ పెద్ద గ్రిడ్ సాయమూ లేకుండా మళ్లీ వెలిగించాలి. చివర్లో తపస్య చేతుల్లోంచి, గ్రిడ్‌ను తనంతట తానే నడిపే యంత్రానికి అప్పగించాలి. రాజవీరు బూట్లకు పాలిష్ చేసుకుని వచ్చాడు. జావేద్ ఎడమచేత్తో మీటలు దించుతూ పోయాడు.

పగటి పూట చీకటి చెవులకు తెలుస్తుంది. ఫ్యాన్లు ఆగాయి. ఎక్కడో మోగుతున్న పాట ఆగింది. అంతవరకూ ఒక హోరు ఉండేదని అది పోయాకే తెలిసింది. దూరంగా ఒక మేక అరిచింది.

తపస్య బొటనవేలు వంచింది. అది వాగు మీది చిన్న జలవిద్యుత్ యూనిట్.

"బరువుగుంది తాతా," అంది. "చెడిపోయిన బండి తోసినట్టుంది."

తొందరపడొద్దనీ, దాని కాళ్ల మీద దాన్ని నిలదొక్కుకోనిమ్మనీ రాజవీరు చెప్పాడు. అతని మణికట్టు గాలిలో మెల్లగా తిరుగుతోంది. తెర మీద గీత వణికి, పాకి, నిలబడింది. శ్రీనిధి రెండు అరచేతులనూ నోటికి అడ్డం పెట్టుకుంది. శూన్యంలోంచి ఒక నాడి పుట్టింది, దాన్ని పుట్టించింది తన కూతురు.

తరవాత బ్యాటరీలు. వాటి నాడి తపస్యకు ఎడమ మణికట్టులో కొట్టుకుంటోంది, వాగుది కుడి మణికట్టులో. రెండూ ఒకదాన్నొకటి దాటిపోతున్నాయి. పూర్వం రాజవీరు రెండు నాడులను కలిపేందుకు మీటరు ముల్లు తిరిగి పైకి వచ్చే క్షణం కోసం కాచుకున్నట్టే ఆమె కాచుకుంది. రెండు నాడులూ ఒక్కటైన క్షణంలో చూపుడువేలు వంచింది. చిన్న కుదుపు కూడా లేదు. ఆ మరుక్షణం ఇంటి కప్పులన్నీ, బడిగంట కొట్టగానే పిల్లలు వరుసలో చేరినట్టు, ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. తపస్య పకపకా నవ్వింది. చక్కిలిగిలిగా ఉందట.

ఊళ్లు ఒక్కొక్కటే భుజాల మీదకు ఎక్కాయి. ప్రతి ఊరి నుంచీ ఫోన్లో కేకలు. రాజవీరు లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. గదిలో ఫ్యాను తిరగడం మొదలైంది. కాగితాలు ఎగిరిపోతున్నా ఎవరూ పట్టుకోలేదు.

జావేద్ యంత్రాన్ని కలిపాడు. పచ్చదీపం వెలిగింది. అయిపోయిందనీ, ఇక వదిలెయ్యమనీ తపస్యకు చెప్పాడు.

తపస్య వేళ్లు విచ్చుకోలేదు.

తెర మీద సాఫీగా ఉన్న గీత కొంచెం ఊగింది. తరవాత ఇంకొంచెం. యంత్రం పెంచితే ఆమె తగ్గిస్తోంది, ఆమె పెంచితే యంత్రం తగ్గిస్తోంది. చొక్కా భుజం మీద కాలాన్ని చూపే పట్టీ తెలుపు దాటి పసుపులోకి వచ్చింది. ఎర్రబడితే ఆ వేళ్లు ఇక తిరిగి రావు.

"ఎవరు తీసుకున్నరు?" అంది తపస్య. నిద్రలో మాట్లాడినట్టుంది ఆ గొంతు.

"యంత్రం తీసుకున్నది బిడ్డా. పచ్చదీపం వచ్చింది," అంది శ్రీనిధి.

"చెప్పలే గద. ఇడువాలనే ఉన్నదమ్మా. వేళ్లు ఇంటలేవు."

శ్రీనిధికి బల్ల మీద ఒలికిన చారు కనబడింది. ఒకే గిన్నెను ఇద్దరు పట్టుకున్నారు. పిల్ల చర్మంలోకి ఒక ఆచారాన్ని అంత లోతుగా దించారు, యంత్రానికి మాత్రం ఆ మాట నేర్పలేదు. ముల్లు తరం పెట్టిన నియమం ఒకటి, తెర తరం చేసిన యంత్రం ఇంకొకటి. రెండూ తన ఇంట్లోవే. రెండింటికీ నడుమ తన కూతురి చేతులున్నాయి.

యంత్రాన్ని తప్పించమంటారా అని జావేద్ అడిగాడు. తప్పిస్తే మూడు మండలాల బరువూ పిల్ల ఒక్కదాని మీదే పడుతుంది, అప్పుడూ దించుకునేవాళ్లు ఉండరు. అన్నిటినీ ఒక్కసారి ఆపేసినా, తీగ లాగినా దెబ్బ నరాలకే. జావేద్ చెయ్యి కేబుల్ దాకా వెళ్లి ఆగిపోయింది. అతను తన అరచేతిని తనే చూసుకున్నాడు.

శ్రీనిధి తెర మీది అంకె చదివి "తీసుకున్న" అంది.

"కాదు," అంది తపస్య. "అది పోయింది. ఇప్పుడెంతున్నది?"

తెర చెప్పేది నిజమే. కాని కాసేపటి కిందటి నిజం. ఊగుతున్న నాడిని తెరలో చూసి అందుకోవడం ఎవరి వల్లా కాదు. పసుపు పట్టీ నారింజ రంగుకు తిరిగింది. శ్రీనిధి తండ్రి వైపు చూసింది. రాజవీరు తన చేతులను చూసుకుని తల అడ్డంగా ఊపాడు. వాటికి హ్యాండిల్ తెలుసు, ఈ భాష తెలియదు.

"నువ్వు తీసుకో," అన్నాడు.

బీరువాలో వాళ్లు మొట్టమొదట చేసిన తొడుగు ఉంది. ఎడమచేతిది ఒక్కటే. మోటు తీగలు, హెచ్చరించే పట్టీ కూడా లేదు. నరాలను తొందరగా కరుస్తుందని పక్కన పెట్టేశారు. తయారీ రోజుల్లో నమూనా నాడులతో శ్రీనిధి దాన్ని వందలసార్లు తొడిగి చూసింది. బతికున్న గ్రిడ్‌తో ఎన్నడూ లేదు. ఇప్పుడు ఆలోచించకుండా మోచేతి దాకా లాక్కుంది. జావేద్ దాన్ని తపస్య లైనుకే కలిపాడు.

మొదట ఏమీ లేదు. మరుక్షణం అంతా ఉంది.

వాగు ఆమె బొటనవేల్లోకి దూకింది. ఎండ పడుతున్న ఇంటి కప్పులన్నీ వెచ్చగా వేళ్ల సందుల్లోంచి పారాయి. ఎవరో పిండిమర వేశారు, మోచెయ్యి దిగింది. ఎవరో ఆపారు, తేలింది. మూడు మండలాల మనుషులు ఒక్కొక్కరే తన చేతిలోకి వచ్చి కూర్చుంటున్నారు. గట్టు మీద నిలబడ్డ మనిషి నీళ్లలో ఉంది. ఆమె గొంతులోంచి నవ్వో ఏడుపో తెలియనిది ఒకటి వచ్చింది. ఆ అలలో ఇంకో చెయ్యి ఉంది. అలిసిపోయి, బిగిసిపోయి, వదలడం చేతగాని చిన్న చెయ్యి.

"యాభై పాయింట్ ఒకటి," అంది శ్రీనిధి. "పడుతుంది. యాభై. నలభై తొమ్మిది తొమ్మిది."

తపస్య పెదవులు కూడా కదులుతున్నాయి. ఇద్దరి గొంతులూ ఒకే అంకెలు ఒకేసారి చెబుతున్నాయి.

"తీసుకున్న," అంది శ్రీనిధి.

తపస్య వేళ్లు విచ్చుకున్నాయి. జావేద్ ఆమె చొక్కాను మెల్లగా, తడిబట్టను ఒలిచినట్టు ఒలిచాడు.

ఇప్పుడు యంత్రం ఒకవైపు, శ్రీనిధి ఒకవైపు. ఊపు తగ్గింది కాని పోలేదు. పోవాలంటే తను వదలాలి. తనకు "తీసుకున్న" అని ఎవరూ చెప్పరు. పైగా ఆమెకు వదలాలని లేదు. జీవితమంతా దీని గురించి చదివింది, ఇప్పుడే ముట్టుకుంది. ఇంకాసేపు అంది లోపలి మనిషి. చిటికెనవేలు మొద్దుబారడం తెలుస్తూనే ఉంది.

ఆమె కళ్లు పచ్చదీపం మీద పడ్డాయి. కళాశాలలో, శిక్షణలో, ఉద్యోగంలో ఆమెకు నేర్పిన ఒకే ఒక్క పని అది. దీపం వెలిగితే చెయ్యి తియ్యి. ఎవరి మాట కోసమూ ఎదురుచూడకు. ఆ చదువును చూసి ఆమె ఎన్నేళ్లు సిగ్గుపడింది. తండ్రికి రానిది, కూతురికి రానిది, తనకు మాత్రమే వచ్చినది అదే.

బొటనవేలు చాపింది. చూపుడువేలు. మధ్యవేలు. ఒక్కో వేలు తీసినకొద్దీ యంత్రం ఆ మేరకు బరువు అందుకుంది. చివరి రెండు వేళ్లు రావడానికి చాలాసేపు పట్టింది. తెర మీద గీత సాఫీ అయింది.

"ఎవరూ చెప్పకుండనే ఇడిసినవా?" అన్నాడు రాజవీరు. అతని గొంతులో మందలింపు కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

"మాకు గట్లనే నేర్పిన్రు నాయినా."

తపస్య తూలుతూ వచ్చి తల్లి మీద వాలింది. చెయ్యెత్తి చెవితమ్మె పట్టుకుంది. శ్రీనిధి కదలకుండా నిలబడింది. పిల్ల చాలాసేపు నలిపింది, ఒక వేలితో, ఇంకో వేలితో, రెండు చేతులతో.

"చల్లగున్నది," అంది చివరికి. "కమ్మ గుచ్చుకుంటుంది."

బయట మూడు మండలాల నుంచి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. జావేద్ ఎత్తి, అవునవును, వెలిగింది, నిలబడింది అని పాటలా చెబుతున్నాడు.

*

యంత్రానికి ఆ మాట నేర్పారు. ఇప్పుడది బరువు అందుకోగానే ఫ్రీక్వెన్సీ చెప్పి "తీసుకున్న" అంటుంది, రాజవీరు గొంతుతో. రికార్డు చేసినప్పటి దగ్గు కూడా అందులో ఉండిపోయింది. తీసెయ్యమని అతను గొడవ చేశాడు. కొత్తగా చేరిన శిక్షణార్థులు, దగ్గు వినబడితేనే వదులుతామన్నారు. అందుకు జతగా, మాట వినబడని రోజున పచ్చదీపాన్ని చూసి వదిలే పాఠం కూడా పెట్టారు. అది శ్రీనిధి చెబుతుంది.

ఆమె ఎడమచేతి చివరి రెండు వేళ్లూ తిరిగి రాలేదు. జావేద్ ఆమెను సగం డిప్యుటేషన్ మేడమ్ అంటాడు. వేడి, చలువ వాటికి తెలియవు. కాని తిరిగే మోటారును తాకితే మాత్రం అవి తాము నేర్చిన భాష వింటాయి.

మళ్లీ ఒక మధ్యాహ్నం తపస్య చారుగిన్నె తెచ్చి తల్లికి అందించింది. శ్రీనిధి కుడిచేత్తో పట్టుకుంది. కూతురు వదలకుండా, తల్లి ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"ఎంతున్నది?"

శ్రీనిధి ఎడమచెయ్యి చాపి, ఆ రెండు వేళ్లనూ మోటారు తిరుగుతున్న ఫ్రిజ్ తలుపుకు ఆనించింది. కళ్లు మూసుకుంది.

"నలభై తొమ్మిది పాయింట్ తొమ్మిది ఏడు," అంది. "ఊరంత అన్నాలు వండుతున్నరు. తీసుకున్న."

తపస్య గిన్నె వదిలింది.